గర్భిణులూ, పెద్ద చేప కార్జం తినొద్దు

ప్రశ్న: ఆక్లాండ్‌లో ఉంటాం. నా భార్యకు మూడో నెల. మిత్రుడు లోతు సముద్రంలో పట్టిన ‘హాపుకు’ అనే పెద్ద చేప ఇస్తే పులుసు పెట్టుకున్నాం. కార్జం వేపుడు ఆమే తింది. రాత్రి నుంచి తలనొప్పి, వాంతులు. ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్ వేసుకుంది. అమ్మ పంపిన కాడ్ లివర్ ఆయిల్ మాత్రలూ వాడుతోంది. పాదరసం ఉంటుందంటున్నారు, మిగిలిన ముక్కలు తినొచ్చా?

జవాబు: పాదరసం సంగతి తర్వాత. ముందు మీ మిడ్‌వైఫ్‌కో డాక్టర్‌కో ఇవాళే ఫోన్ చేయండి.

పెద్ద చేపల కార్జంలో విటమిన్ ఎ విపరీతంగా పేరుకుపోయి ఉండొచ్చు. ఒకప్పుడు హాపుకు కుటుంబంలోనే లెక్కేసిన ఇషినాగి చేప కార్జం తిని జపాన్‌లో చాలామంది జబ్బుపడ్డారు. గంటల్లోనే భరించలేని తలనొప్పి, వాంతులు, ఆ తర్వాత ముఖం మీద చర్మం ఊడిపోవడం. అక్కడ 1960 నుంచి ఆ కార్జం అమ్మకం నిషిద్ధం. మీ ఆవిడవి మామూలు వేవిళ్లే కావచ్చు. చూడకుండా నేను తేల్చలేను, మీరూ తేల్చుకోవద్దు. తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకబారినా, మగతగా ఉన్నా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

మొదటి మూడు నెలల్లో బిడ్డ అవయవాలు ఏర్పడతాయి. ఆ సమయంలో రెటినాల్ రూపంలోని విటమిన్ ఎ (కార్జంలో ఉండేది ఇదే) మితిమీరితే గుండె, మెదడు, ముఖం లోపాలు రావచ్చు. ఒక్క పూట తిన్నందుకే అలా అవుతుందని కాదు. భయపడి గర్భం విషయంలో తొందరపడకండి. స్కానింగ్ చేసేవారికి మాత్రం ఈ సంగతి చెప్పండి. క్యారెట్, ఆకుకూరల్లోని విటమిన్ ఎతో ఈ బెడద లేదు, నిశ్చింతగా తినొచ్చు.

నాకు కోపం తెప్పించేది ఆ మాత్రల వ్యవహారం. కాడ్ లివర్ ఆయిల్‌లోనూ ఉండేది అదే విటమిన్. కార్జం మీద అదీ తోడైంది! వెంటనే ఆపండి. ఐబుప్రొఫెన్ గర్భిణులు సొంతంగా వేసుకునే మందు కాదు. 20 వారాలు దాటాక బిడ్డ కిడ్నీలకూ ముప్పు. ఊరి నుంచి పెట్టెలో మందులు తెచ్చుకుని అడక్కుండా మింగే అలవాటు విదేశాల్లోని మనవాళ్లలో చాలా చూస్తున్నాను. అమ్మ ప్రేమతో పంపినా సరే, గర్భంతో ఉన్నప్పుడు ప్రతి డబ్బా డాక్టర్‌కి చూపించాల్సిందే.

ఇక ముక్కల సంగతి. హాపుకు 50 ఏళ్లకు పైగా బతికే, వేరే చేపల్ని వేటాడి తినే చేప, కాబట్టి పాదరసం చేరుతుంది. ఉడికించినా, చింతపండు పులుసులో మరిగించినా పోదు. ఎంత తినొచ్చో న్యూజీలాండ్ ఆహార భద్రతా శాఖ గర్భిణుల కోసం ఇచ్చిన జాబితాలో చూడండి. ప్రస్తుతానికి మీరు తినండి, ఆమెకు సార్డిన్, సామన్ లాంటివి బాగా ఉడికించి పెట్టండి. కార్జం మిగిలి ఉంటే పారేయండి. ఫోన్ చేసినప్పుడు ఎంత కార్జం తిన్నారో, ఏ మాత్ర ఎన్ని వేసుకున్నారో దాచకుండా చెప్పండి.