టెక్ సందేహాలు: బేస్ గిటార్లు, అరువు యాంప్‌లు, రికార్డింగులో వినిపించని మంద్రం

ఈసారి వచ్చిన సందేహాల్లో ఎక్కువ భాగం బేస్ గిటార్ వాయించేవారివే. అప్పుడప్పుడు ఒకచోట చేరి, తమ గిటార్లు, శబ్దాన్ని పెంచే యాంప్‌లు, కాలితో నొక్కి శబ్దాన్ని మార్చే పెడళ్లు తెచ్చి, ఒకరివి ఒకరు వాయించి చూసుకునే బృందాలవారు రాశారు. ప్రేమగా దాచుకున్న వాద్యాన్ని నమ్మకంతో మరొకరి చేతికి ఇవ్వడం నాకు ఎంతో నచ్చిన సంగతి. అందుకే ఈ వారం చోటంతా వారికే ఇస్తున్నాను. అన్నీ చదివాక ఒక విషయం గమనించాను. చాలామంది గిటార్‌నో యాంప్‌నో అనుమానిస్తున్నారు, చిక్కు మాత్రం ఎక్కువసార్లు ఆ రెండింటినీ కలిపే దారిలో ఉంటోంది.

ప్రశ్న: మా సమావేశానికి ఒకరు యాంప్ హెడ్ (స్పీకరు లేని యాంప్) తెస్తారు, మిగిలినవారు స్పీకర్ క్యాబినెట్లు తెస్తారు. ఇంతవరకు 8 ఓమ్‌ల విద్యుత్ నిరోధం ఉన్నవి రెండు కలిపి వాడాం. మూడోది కూడా కలపవచ్చా? యాంప్‌కు రెండే సాకెట్లు ఉన్నాయి కాబట్టి దాన్ని రెండో క్యాబినెట్ వెనకున్న సాకెట్‌కు తగిలిద్దామనుకుంటున్నాం.

జవాబు: యాంప్ వెనక పలక మీద రాసి ఉన్న కనీస ఓమ్‌ల సంఖ్య చదివే వరకు తగిలించకండి. యాంప్‌కున్న రెండు సాకెట్లూ, క్యాబినెట్‌కున్న రెండు సాకెట్లూ దాదాపు ఎప్పుడూ సమాంతరంగానే కలిపి ఉంటాయి. ఒక క్యాబినెట్ నుంచి మరోదానికి కేబుల్ లాగితే కంటికి వరుసగా కలిపినట్టు కనిపిస్తుంది గానీ, విద్యుత్ లెక్కలో అదీ సమాంతరమే. కాబట్టి 8 ఓమ్‌లవి రెండు కలిస్తే 4 ఓమ్‌లు, మూడు కలిస్తే సుమారు 2.67. చాలా యాంప్‌లు 4 ఓమ్‌ల వరకే భరిస్తాయి. అంతకన్నా తగ్గితే వాటి నుంచి మితిమీరిన కరెంటు ప్రవహిస్తుంది. రక్షణ వలయం ఉంటే యాంప్ తనంతట తానే ఆగిపోతుంది, లేకపోతే కాలిపోతుంది. పలక మీద 2.67 అనో 2 అనో ఉంటే మాత్రం నిశ్చింతగా కలపండి. ఒక 8 ఓమ్‌ల పెట్టెనూ ఒక 4 ఓమ్‌ల పెట్టెనూ కలిపినా వచ్చేది 2.67 అని గుర్తుంచుకోండి. అప్పుడు 4 ఓమ్‌ల పెట్టెకు రెండో దానికన్నా రెట్టింపు శక్తి వెళుతుంది.

ఎవరైనా వాల్వ్ యాంప్ (ట్రాన్సిస్టర్ల బదులు గాజు వాల్వ్‌లతో నడిచేది) తెస్తే జాగ్రత్త ఇంకా పెరగాలి. 1969లో వచ్చిన యాంపెగ్ ఎస్‌వీటీ 300 వాట్ల వాల్వ్ యాంప్. అలాంటివాటిలో ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. స్పీకర్ తగిలించకుండా వాయిస్తే అది దెబ్బతింటుంది. ముందు క్యాబినెట్ కలపాలి, వెనకున్న ఓమ్‌ల మీట సరిచూడాలి, ఆ తర్వాతే స్విచ్ వేయాలి. ఎవరి చేతిలో కేబుల్ ఉందో తెలియని సందడిలో ఈ క్రమం తప్పడం చాలా తేలిక. అందుకని యాంప్ స్విచ్ బాధ్యత ఒక్కరికే అప్పగించండి.

కేబుల్ సంగతి కూడా చెప్పాలి. గిటార్ కేబుల్‌కూ స్పీకర్ కేబుల్‌కూ కొనలు ఒకేలా ఉండవచ్చు, లోపల మాత్రం పోలికే లేదు. 300 వాట్లను 4 ఓమ్‌ల పెట్టెకు పంపితే ప్రవహించేది 8 ఆంపియర్లకు పైమాటే. గిటార్ కేబుల్‌లోని సన్నని తీగ అందుకోసం చేసింది కాదు, వేడెక్కి కరుగుతుంది. మీ పెట్టెలకు స్పీకర్ కేబుల్ కోసమే చేసిన స్పీకాన్ సాకెట్లు ఉంటే అవే వాడండి. గిటార్ కేబుల్ వాటిలో దూరదు కాబట్టి ఈ పొరపాటుకు తావే ఉండదు.

ప్రశ్న: సమావేశంలో ఆరు గిటార్లను ఫోనుతో రికార్డు చేశాం. ఇంటికి వెళ్లి వింటే అన్నీ ఒకేలా ఉన్నాయి, మంద్ర స్వరాలు అసలు లేవు. మంచి ఫోను కొనాలా?

జవాబు: ఫోను మార్చినా పెద్ద ఫలితం ఉండదు. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా కింది తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. ఐదు తీగలదైతే దాదాపు 31 సార్లు. ఫోను మైకు మనిషి మాట కోసం మలిచినది. గాలి మోతను తగ్గించేందుకు అది ఈ అడుగు భాగాన్ని కత్తిరిస్తుంది. తిరిగి వినిపించే ఫోను స్పీకరు కొన్ని వందల హెర్ట్జ్‌ల (సెకనుకు కంపనాల) కిందకు దిగలేదు. అయినా స్వరం ఏదో మనకు తెలుస్తోందంటే, 82, 123, 165 హెర్ట్జ్‌ల దగ్గరా ఆ పైనా ఉన్న అనుస్వరాలు (మూలస్వరానికి రెండు, మూడు, నాలుగు రెట్ల వేగంతో కంపించే పై స్వరాలు) విని లేని మూలస్వరాన్ని మెదడే పూరించుకుంటోందని అర్థం. దీనికి తోడు ఫోను శబ్దాన్ని తనంతట తానే పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. మెత్తగా మొదలై నిలిచే గిటార్‌కూ, గట్టిగా తాకి వెంటనే ఆరిపోయే గిటార్‌కూ ఉన్న తేడా అక్కడే చెరిగిపోతుంది.

వీడియో ఫోనుతోనే తీయండి, శబ్దాన్ని మాత్రం విడిగా పట్టండి. గిటార్‌ను ఆడియో ఇంటర్‌ఫేస్‌కు (సంకేతాన్ని కంప్యూటర్‌కు అందించే పెట్టెకు) కలిపి, ఆ సాకెట్ మీటను వాద్యం గుర్తు వైపుకు మార్చండి. ఆ అమరికలో ఇన్‌పుట్ నిరోధం సాధారణంగా 10 లక్షల ఓమ్‌లు ఉంటుంది. ఇతర పరికరాల కోసం ఉండే లైన్ ఇన్‌పుట్‌లో సుమారు 10 వేలే. బ్యాటరీ లేని పికప్‌లను (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చేవాటిని) దానికి తగిలిస్తే పై స్వరాల మెరుపు పోయి గొంతు నొక్కినట్టు వినిపిస్తుంది. పాత గిటార్‌లో జీవం పోయిందని మరో పాఠకుడు రాశారు, వారు ముందుగా ఈ మీటను చూసుకోవాలి.

గిటార్లను పోల్చాలంటే ఇంకో నియమం తప్పనిసరి. అందరూ ఒకే చిన్న స్వరాల వరుసను ఒకే వేగంతో వాయించాలి, ఆ తర్వాత అన్ని రికార్డింగుల సగటు తీవ్రతను సమానం చేయాలి. ఉచితంగా దొరికే ఆడాసిటీలో ఇందుకు లౌడ్‌నెస్ నార్మలైజేషన్ అనే సదుపాయం ఉంది. కొంచెం గట్టిగా వినిపించేదే మనకు మంచిదనిపిస్తుంది. బ్యాటరీతో నడిచే గిటార్లు చాలావరకు బలమైన సంకేతం పంపుతాయి కాబట్టి, సమానం చేయకపోతే ప్రతి పోటీలో అవే గెలుస్తాయి. 1951 నాటి ప్రెసిషన్ బేస్ తరహా సాదా గిటార్‌కు అది అన్యాయం. సమానం చేసి, పేర్లు దాచి వినిపించి చూడండి. మీ అభిప్రాయాలు తారుమారు కావచ్చు, అందులో ఆనందమూ ఉంది.

యాంప్ ముందు మైకు కూడా పెట్టి రెండింటినీ కలుపుతామనేవారు ఇంకొక్కటి చూసుకోవాలి. శబ్దం మీటరు దూరం నడవడానికి సుమారు 2.9 మిల్లీసెకన్లు పడుతుంది. కేబుల్ ద్వారా వచ్చినది ముందు, మైకు ద్వారా వచ్చినది వెనక చేరితే, ఆ దూరానికి 170 హెర్ట్జ్ ప్రాంతంలో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. రెండు మంచి శబ్దాలు కలిసి పలచని శబ్దం అవుతుంది. తరంగాల చిత్రాన్ని పెద్దది చేసి, మొదటి శిఖరాలు ఒకే గీత మీదకు వచ్చేలా ఒక ట్రాక్‌ను జరపండి.

ప్రశ్న: మిత్రుడు తన యాంప్‌ను, యాంప్ శబ్దాన్ని అనుకరించే న్యూరల్ యాంప్ మోడలర్ అనే సాఫ్ట్‌వేర్‌తో నమూనా చేసి ఫైలు పంపాడు. అతని దగ్గర అద్భుతంగా ఉన్న శబ్దం నా దగ్గర దుప్పటి కప్పినట్టుంది. ఫైలు పాడైందా?

జవాబు: పాడయ్యే అవకాశం తక్కువ. ముందు అది యాంప్ ఒక్కదాని నమూనానా, స్పీకరూ మైకూ కూడా కలిసినదా అని మిత్రుణ్ని అడగండి. స్పీకరు కలిసిన నమూనా తర్వాత మీరు మరో క్యాబినెట్ ఐఆర్ ఫైలు (స్పీకరు శబ్దాన్ని అనుకరించే ఫైలు) పెట్టి ఉంటే, శబ్దం రెండు స్పీకర్ల గుండా వెళ్లినట్టవుతుంది. మీరు చెప్పిన లక్షణానికి అదే ముఖ్య కారణం. ఐఆర్ తీసేసి వినండి.

అప్పటికీ తేడా ఉంటే ఇన్‌పుట్ స్థాయి చూడండి. ఇలాంటి నమూనా ఆ యాంప్ మీటలు ఒకచోట నిలిచి ఉన్నప్పటి ప్రవర్తనను మాత్రమే నేర్చుకుంటుంది. ఎంత బలమైన సంకేతం వస్తే ఎంత గరగర పుట్టాలన్నది అందులో భాగం. మీ గిటార్ సంకేతం అతని దానికన్నా బలహీనమైతే యాంప్ నిద్రలేవదు, బలమైతే అవసరానికి మించి చిందుతుంది. బృందంలో ఫైళ్లు పంచుకునేవారు ఏ గిటార్, ఏ పికప్, ఇంటర్‌ఫేస్‌లో ఎంత గెయిన్ (సంకేతం పెంపు), మీటలు ఎక్కడున్నాయి అనే నాలుగు వివరాలు ఫైలుతో పాటే పంపడం అలవాటు చేసుకోవాలి. మీ సొంత యాంప్‌తో చేసిన నమూనాలను ధారాళంగా పంచండి. కొనుక్కున్న ఐఆర్ ఫైళ్లను పంచడం మాత్రం వాటిని శ్రమపడి తయారుచేసినవారికి నష్టం, అది వద్దు.

ప్రశ్న: ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టగానే యాంప్‌లో హోరు. ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేస్తే పోతుందని ఒకరన్నారు.

జవాబు: ఆ పని ఎన్నడూ చేయకండి. మీరు పట్టుకున్న తీగలు యాంప్ ఎర్త్‌కే కలిసి ఉంటాయి, లోపం వచ్చిన రోజు ప్రాణం పోతుంది. అన్ని ప్లగ్గులూ ఒకే పొడిగింపు బోర్డుకు పెట్టి, గిటార్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్య డీఐ బాక్స్ (సంకేతాన్ని మార్చి పంపే చిన్న పెట్టె) ఉంచి, దానిమీద సంకేతపు కేబుల్‌లోని ఎర్త్ కలయికను మాత్రమే తెంచే గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కండి. చార్జర్ లేకున్నా హోరు ఉండి, మీది జాజ్ బేస్ తరహా గిటార్ అయితే రెండు పికప్‌ల వాల్యూమ్‌లను సమానంగా పెట్టి చూడండి. ఆ రెండింటినీ చాలావరకు ఎదురెదురు దిశల్లో చుడతారు కాబట్టి హోరు కొట్టేసుకుంటుంది.

ప్రశ్న: నా యాక్టివ్ (బ్యాటరీతో నడిచే) బేస్‌లో బ్యాటరీ వారానికే అయిపోతోంది.

జవాబు: కేబుల్ గుచ్చి వదిలేస్తున్నారు. అలాంటి గిటార్లలో కేబుల్ గుచ్చడమే బ్యాటరీకి స్విచ్చు వేయడం. వాయించడం అయ్యాక కేబుల్ తీసేయండి.

ప్రశ్న: దూరంగా ఉన్న సభ్యులు వీడియో కాల్‌లో చేరి వాయిస్తే తాళం కలవడం లేదు. వేగమైన ఇంటర్నెట్ తీసుకుంటే సరిపోతుందా?

జవాబు: మీకు కావలసింది ఆలస్యం తగ్గడం, వేగం పెరిగినంత మాత్రాన అది తగ్గదు. ఒకవైపు ప్రయాణానికి 25, 30 మిల్లీసెకన్లు దాటితే ఎంత చేయి తిరిగినవారికైనా లయ జారడం మొదలవుతుంది. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లే వెళుతుంది. ఆ పైన మధ్యలోని పరికరాలు తలా కొంత కలుపుతాయి. వీడియో కాల్ యాప్‌లు మాట ముక్కలు కాకుండా కావాలనే ఆలస్యం జోడిస్తాయి, పైగా నిలిచి మోగే మంద్ర స్వరాన్ని ఫ్యాను మోతగా భావించి అణచివేస్తాయి. సంగీతం కోసమే చేసిన జామ్యులస్, సోనోబస్, జాక్‌ట్రిప్ వంటివి వాడండి, మొదటి రెండూ ఉచితం. వైఫై బదులు కేబుల్, బ్లూటూత్ హెడ్‌ఫోన్ల బదులు తీగ ఉన్నవి తప్పనిసరి. మామూలు బ్లూటూత్ ఒక్కటే 100 మిల్లీసెకన్లకు పైగా కలపగలదు. ఇంటర్‌ఫేస్ బఫర్‌ను (శబ్దాన్ని పంపేముందు పోగుచేసే మొత్తాన్ని) 128 శాంపిళ్లకు తగ్గిస్తే, సెకనుకు 48 వేల శాంపిళ్ల (48 కిలోహెర్ట్జ్) దగ్గర అది 2.7 మిల్లీసెకన్లే. యాంప్‌కు మూడు మీటర్ల దూరంలో నిలబడ్డా దాదాపు 9 మిల్లీసెకన్ల ఆలస్యం ఉంటుంది, దానికి మనం ఎప్పుడో అలవాటుపడ్డాం. కాబట్టి కొంత ఆలస్యం భయపెట్టనక్కర్లేదు. సభ్యులు వేల కిలోమీటర్ల దూరంలో ఉంటే మాత్రం కలిసి వాయించే ఆశ వదిలి, ఒకరు రికార్డు చేసి పంపిన దానిమీద మరొకరు వాయించండి.

ప్రశ్న: ఫోను యాప్‌లో శబ్దం 82 డెసిబెల్‌లే చూపింది. అయినా సమావేశం అయ్యాక చెవుల్లో గంటలు మోగాయి. ఎవరిని నమ్మాలి?

జవాబు: చెవులను. ఈ ప్రశ్న రాసినందుకు మీకు కృతజ్ఞతలు, చాలామంది దీన్ని పట్టించుకోరు.

యాప్‌లు ఎక్కువగా ‘ఏ’ కొలత చూపిస్తాయి. చెవి తక్కువ పౌనఃపున్యాలను సరిగా వినలేదు కాబట్టి, 40 హెర్ట్జ్ దగ్గర ఈ కొలత దాదాపు 35 డెసిబెల్‌లు తగ్గించి లెక్కిస్తుంది. ‘సీ’ కొలతలో ఆ తగ్గింపు 2 మాత్రమే. వినికిడి భద్రత పరిమితులు చెప్పేది ‘ఏ’ కొలతలోనే కాబట్టి అది తప్పేమీ కాదు, కానీ గదిలో నిజంగా ఎంత శబ్దశక్తి ఉందో అది చెప్పదు. ‘సీ’కి మార్చి చూడండి, తేడాకు ఆశ్చర్యపోతారు. పైగా ఫోను మైకు అడుగు శబ్దాన్ని ముందే కోసేస్తుందని పైన చెప్పాను. మీటరు ఉన్న మూల వేరు, మీరు నిలబడ్డ చోటు వేరు కూడా కావచ్చు.

అమెరికాలో వృత్తి భద్రతపై పరిశోధించే నయాష్ సంస్థ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్‌లలో 8 గంటలు ఉండవచ్చు. ప్రతి 3 డెసిబెల్‌లకు వ్యవధి సగం అవుతుంది. అంటే 94 దగ్గర గంట, 100 దగ్గర పావుగంట. బేస్ వాయించేవారికి ప్రమాదం ఎందుకు ఎక్కువంటే, మంద్ర స్వరం చెవికి ఆనడానికే చాలా శక్తి కావాలి. 40 హెర్ట్జ్ దగ్గర వినికిడి మొదలయ్యేదే సుమారు 50 డెసిబెల్‌ల వద్ద. ఆ స్వరం కోసం వాల్యూమ్ పెంచితే, తీగను చరిచినప్పటి పై శబ్దాలన్నీ దానితో పాటు పెరిగి చెవిని గాయపరుస్తాయి. యాంప్‌ను కుర్చీ మీద చెవి వైపుకు వాల్చి పెట్టండి, తక్కువ వాల్యూమ్‌లోనే స్పష్టత వస్తుంది. చెవి బిరడాల్లో నురుగువి పై స్వరాలను ఎక్కువగా మింగేస్తాయి. సంగీతకారుల కోసం అన్నిటినీ ఇంచుమించు సమానంగా తగ్గించేవి వేరే ఉన్నాయి, అవి తీసుకోండి. మోత మర్నాటికీ తగ్గకపోతే వైద్యులకు చూపించండి.

ప్రశ్న: అరువిచ్చిన వస్తువుల లెక్క కోసం మంచి యాప్ చెప్పండి. గిటార్ల ఫొటోలు ఇంటర్నెట్‌లో పెట్టడం సురక్షితమేనా?

జవాబు: యాప్ అక్కర్లేదు. అందరూ తెరవగల ఒక స్ప్రెడ్‌షీట్ చాలు. వస్తువు, యజమాని, తీసుకున్నవారు, తేదీ, ఇచ్చినప్పటి స్థితికి ఒక ఫొటో. సీరియల్ నంబర్లు అందులో పెట్టకండి, ఎవరివి వారే విడిగా దాచుకోవాలి. ఫొటోల విషయానికి వస్తే, ఫోను కెమెరా తీసిన చోటును చిత్రంలోనే రాస్తుంది. కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపండి. చాలా మెసేజింగ్ యాప్‌లు ఫొటోగా పంపితే ఆ వివరాన్ని తీసేస్తాయి, డాక్యుమెంటుగా పంపితే అలాగే ఉంచుతాయి.

పెడళ్ల వరుసలో మాత్రం రెండు గళ్లు అదనంగా పెట్టండి. ఒకటి వోల్టేజీకి, ఒకటి అడాప్టర్ ధ్రువానికి. ఎక్కువ పెడళ్లకు 9 వోల్టులు, మధ్యలో రుణ ధ్రువం ఉంటుంది. కానీ 18 వోల్టులవీ, ధ్రువం తిరగబడినవీ అదే కొనతో వస్తాయి. అడాప్టర్ మీద దాని పెడల్ పేరు రాసి అంటించి, రెండూ ఒకే సంచిలో పెట్టి ఇవ్వండి.