పుట్టుకతో ఉన్న గుండె లోపం 37 ఏళ్లకు బయటపడితే బీమా వర్తిస్తుందా?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా రాజాం. పైడిభీమవరంలోని ఒక మందుల కంపెనీలో పనిచేస్తున్నాను. ఆయాసం వస్తోందని ఎకో (గుండె స్కాన్) తీయిస్తే గుండె పై గదుల మధ్య గోడకు పుట్టుకతోనే రంధ్రం ఉందన్నారు. రెండు మూడు నెలల్లో మూయించుకోవాలని, రెండున్నర లక్షలవుతుందని విశాఖలో చెప్పారు. కంపెనీ గ్రూప్ పాలసీ 2 లక్షలకు, 2022 జూన్‌లో తీసుకున్న ఫ్యామిలీ పాలసీ 5 లక్షలకు ఉన్నాయి. పుట్టుకతో వచ్చినవాటికి క్లెయిమ్ రాదని ఏజెంటు అంటున్నారు. అయిదు సెంట్ల స్థలం అమ్మేయమంటారా?

జవాబు: స్థలం జోలికి ఇప్పుడే వెళ్లకండి. అవసరంలో ఉన్నవారి స్థలానికి ధర ఎప్పుడూ కొనేవారే నిర్ణయిస్తారు.

మీ ఏజెంటు చెప్పినది సగమే నిజం. పుట్టుకతో వచ్చే లోపాలను బీమా పత్రాలు రెండుగా విడదీస్తాయి. పైకి కనిపించే లోపాలకు సాధారణంగా చెల్లింపు ఉండదు. గుండె గోడకు రంధ్రం, కరోనరీ ధమని ఉండవలసిన చోట కాక వేరే చోట మొదలుకావడం వంటివి లోపలి లోపాలు. వీటికి చాలా పాలసీలలో రెండేళ్లో మూడేళ్లో నిరీక్షణ కాలం (పాలసీ తీసుకున్నాక క్లెయిమ్ ఇవ్వని గడువు) పెడతారు, మీకు అది ఇప్పటికే దాటిపోయింది. అయినా పాలసీ పత్రంలో ఆ పేజీని ఒకసారి స్వయంగా చదవండి.

ఇక పాలసీకి ముందునుంచి ఉన్న వ్యాధి అని బీమా కంపెనీ చెప్పగల అభ్యంతరం. పాలసీ తీసుకునేనాటికి వైద్యుడు గుర్తించినదో, చికిత్స సూచించినదో అయితేనే ఒక జబ్బు ఆ నిర్వచనం కిందికి వస్తుంది. రంధ్రం మీతోపాటే పుట్టినా, అది ఉన్నట్టు తెలిసింది ఈ మధ్యనే కాబట్టి మొదటి ఎకో రిపోర్టు మీద ఉన్న తేదీయే మీకు అసలైన ఆధారం. నిరుడు ఒక క్లెయిమ్ కాగితాలు చూస్తుంటే, రోగి మాటవరసకు "చిన్నప్పటినుంచీ ఆయాసమేనండీ" అన్నదాన్ని డ్యూటీ డాక్టరు కేస్ షీటులో అలాగే రాసేశారు, బీమా కంపెనీ ఆ ఒక్క వాక్యం పట్టుకుని క్లెయిమ్ తిరస్కరించింది. మీకు ఆయాసం ఏ నెలలో మొదలైందో అంతే చెప్పండి, నిజం దాచవద్దు, అదనంగా ఏమీ చేర్చవద్దు.

ముందుగా గ్రూప్ పాలసీ వాడండి. అందులో సాధారణంగా పాత జబ్బులకూ మొదటి రోజు నుంచే రక్షణ ఉంటుంది గనుక చికిత్స పూర్తయ్యేదాకా ఉద్యోగం మారవద్దు. మిగిలిన యాభై వేలకు ఫ్యామిలీ పాలసీలో క్లెయిమ్ చేయండి. క్యాష్‌లెస్ (ఆసుపత్రికి బీమా కంపెనీయే నేరుగా చెల్లించే) అనుమతిపై గంటలోగా నిర్ణయం చెప్పాలని 2024 నిబంధనలు బీమా కంపెనీలను ఆదేశిస్తున్నాయి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకుని, బీమా కంపెనీకి ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను (బీమా ఫిర్యాదులు పరిష్కరించే అధికారిని) ఆశ్రయించవచ్చు, రుసుము లేదు. అప్పటిదాకా డబ్బు అవసరానికి పీఎఫ్ అడ్వాన్సు ఉంది. ఎన్టీఆర్ వైద్య సేవకు మీరు అర్హులో కాదో ఆసుపత్రిలోని కౌంటరులో అడగడం మరువకండి.

ఈ సంగతి చెప్పకుండా కొత్త పాలసీ తీసుకుందామని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. టర్మ్ పాలసీకి (మరణిస్తే కుటుంబానికి సొమ్ము ఇచ్చే జీవిత బీమాకు) కూడా ఇప్పుడే దరఖాస్తు పెట్టకండి. రంధ్రం మూయకముందు బీమా కంపెనీలు దరఖాస్తును వాయిదా వేసే అవకాశమే ఎక్కువ, ఆ వాయిదా సంగతి తరువాతి దరఖాస్తులన్నింటిలో చెప్పవలసి వస్తుంది. చికిత్స అయ్యాక, గుండె కుడివైపు గదులు మామూలు పరిమాణానికి వచ్చాయని చెప్పే ఎకో రిపోర్టు, డిశ్చార్జ్ సమ్మరీ జతచేసి అడగండి, ప్రీమియం కొంత ఎక్కువ చెప్పినా తీసుకోండి.