చర్మం గట్టిపడిందా, బిగుసుకుపోయిందా?

సందేహం: మా అత్తగారికి స్క్లెరోడెర్మా అని డాక్టరు చెప్పారు. ఈ జబ్బును ఒకచోట ‘చర్మకాఠిన్యం’ అని, మరోచోట ‘తోలు గట్టిపడే జబ్బు’ అని రాశారు. ఏది సరైన మాట? ఊపిరితిత్తుల్లో కూడా ఉందన్నారు. ‘చర్మవ్యాధి లోపలికి పాకింది’ అని చుట్టాలకు చెబుతున్నాం. అలా అనవచ్చా? పేరు రాసేటప్పుడు స్పెల్లింగు కూడా తలో రకంగా కనిపిస్తోంది.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: ముందు ‘పాకింది’ సంగతి చూద్దాం. ఆ మాట వద్దండి. తీగ పాకుతుంది, మంట పాకుతుంది, పుకారు పాకుతుంది. ఒకచోట పుట్టి పక్కకు జరుగుతూ పోయేవాటికి ఆ క్రియ. ఈ జబ్బు నడక వేరు. రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటిమీదే తిరగబడుతుంది, సన్నటి రక్తనాళాలు దెబ్బతింటాయి, కొల్లాజెన్ అనే పదార్థం అవసరానికి మించి పేరుకుంటుంది. ఇది చర్మంలో జరిగితే చర్మం, ఊపిరితిత్తుల్లో జరిగితే ఊపిరితిత్తులు బిగుస్తాయి. చర్మం మామూలుగానే ఉండి లోపలి అవయవాల్లో మాత్రమే కనిపించే రకం కూడా అరుదుగా ఉంది. అలాంటప్పుడు ఎక్కడినుంచి ఎక్కడికి పాకినట్టు? పైగా ‘పాకింది’ అంటే వినేవాళ్లకు క్యాన్సరో అంటుజబ్బో స్ఫురిస్తుంది. ఇది రెండూ కాదు. ‘ఊపిరితిత్తుల్లో కూడా ఉంది’ అంటే సరిపోతుంది.

ఇక పేరు. గ్రీకులో ‘స్క్లేరోస్’ అంటే గట్టి, ‘డెర్మా’ అంటే చర్మం. ‘చర్మకాఠిన్యం’ దానికి నేరుగా సరిపోయే సంస్కృత సమాసం. చర్మం యొక్క కాఠిన్యం, షష్ఠీ తత్పురుష. వ్యాకరణంలో వంక పెట్టడానికి లేదు. చిక్కల్లా అర్థంలోనే. మూలంలోని ఇరుకుతనం అనువాదంలోకీ వచ్చేసింది. ఆ ఇరుకు వైద్యులకూ తెలిసొచ్చింది. ఈ జబ్బు లోపలి అవయవాలనూ పట్టుకుంటోందని 1945లో రాబర్ట్ గెట్జ్ అనే వైద్యుడు ‘ప్రోగ్రెసివ్ సిస్టమిక్ స్క్లెరోసిస్’ అనే పేరు ప్రతిపాదించాడు. అందరిలోనూ అదేపనిగా ముదరదు కాబట్టి తర్వాత ‘ప్రోగ్రెసివ్’ రాలిపోయింది. మీ అత్తగారి రిపోర్టులో ‘సిస్టమిక్ స్క్లెరోసిస్’ అని ఉంటే అది ఇదే. ‘మల్టిపుల్ స్క్లెరోసిస్’ మాత్రం నరాల జబ్బు, దీనికి చుట్టం కూడా కాదు. ‘సిస్టమిక్ స్క్లెరోసిస్’ను ‘సర్వాంగ కాఠిన్యం’ అంటే అన్ని అవయవాలూ పోయినట్టు భయపెడుతుంది. నా మటుకు స్క్లెరోడెర్మా అనే పిలవమంటాను. మధుమేహం అనే చక్కటి మాట ఉన్నా ఇంట్లో అందరం షుగరనే అంటున్నాం కదా.

ఇందులోనే ఇంకో తికమక. చర్మం మీద మచ్చలు మచ్చలుగా గట్టిపడి, సాధారణంగా లోపలి అవయవాల జోలికి పోని రకాన్ని మార్ఫియా అంటారు. తెలుగులో రాస్తే అది నొప్పిమందు మార్ఫియాకు కవల అయిపోతుంది. ‘మార్ఫియా వచ్చింది’, ‘మార్ఫియా ఇచ్చారు’ అనే క్రియలే దిక్కు!

‘తోలు’ అచ్చతెనుగు మాటే, అయినా మనుషుల జబ్బుకు నేను వాడను. చెప్పులకు తోలు, అరటిపండుకు తోలు, కోపమొస్తే ‘తోలు తీస్తా’. సిగ్గులేనివాణ్ణి ‘తోలుమందం’ అంటాం. మంచాన ఉన్నావిడ ముందు ‘తోలు గట్టిపడింది’ అంటే ఎలా ఉంటుందో మీరే ఊహించండి. చర్మం సంస్కృతమైనా ఏనాడో మన నోటికి అలవాటైపోయింది.

‘గట్టిపడడం’ కూడా ఇక్కడ పూర్తిగా అతకదు. ‘పిల్లాడి ఒళ్లు గట్టిపడింది’ అంటే సంతోషించాల్సిన మాట. ‘బిగుసుకుపోయింది’ అనండి. చివరి ‘పోవు’ జరగకూడనిది జరిగిందని చెబుతుంది. వేళ్ల మీద చర్మం బిర్రుగా లాగేసి, చిటికెడు పట్టుకుందామన్నా పట్టుబడని స్థితికి ‘బిగుసుకుపోవడం’ కంటే మంచి మాట నాకు తోచలేదు.

పేరుకన్నా బాధలు చెప్పే మాటల దగ్గరే నాకు ఎక్కువ బెంగ. ఈ జబ్బులో అక్షరాలా జరిగేవాటిని మనం రోజూ జాతీయాలుగా వాడేస్తుంటాం. చలికాలంలో ‘వేళ్లు కొంకర్లు పోతున్నాయి’ అనని వాళ్లెవరు? స్క్లెరోడెర్మాలో చలికి వేళ్లు తెల్లగా పాలిపోయి, నీలంగా మారి, మళ్లీ ఎర్రబడతాయి. 1862లో ఫ్రాన్స్‌లో మోరిస్ రేనో వర్ణించాడు కనుక దీనికి ఆయన పేరే పెట్టారు. చర్మం బిగియడానికి ఏళ్ల ముందే ఇది మొదలుకావచ్చు. చర్మం లాగేసి వేళ్లు వంగి అలాగే ఉండిపోవడం తర్వాతి ముచ్చట. అసలైన కొంకర్లు పోవడం అదీ. రెంటికీ ఒకే మాట వాడితే డాక్టరుకు ఏది అర్థమవుతుంది? రంగులు చెప్పండి.

‘ముద్ద దిగడం లేదు’ అంటే ఇంట్లోవాళ్లు దిగులనుకుంటారు. ఇక్కడ అన్నవాహిక కండరాలు బలహీనపడి ముద్ద నిజంగానే దిగదు, పులితేన్పులు, ఛాతీలో మంట. ‘ముద్ద ఛాతీ దగ్గర ఆగినట్టుంది’ అంటే అపార్థం ఉండదు. ‘నోరు పెగలడం లేదు’ అంటే మాట రావడం లేదని. మూతి చుట్టూ చర్మం బిగిస్తే ‘నోరు మునుపటంత తెరుచుకోవడం లేదు’ అనాలి. ‘ఊపిరాడటం లేదు’ను పని ఒత్తిడి ఎప్పుడో కబ్జా చేసింది. ఎన్ని మెట్లెక్కితే ఆయాసం వస్తోందో, పొడిదగ్గు ఉందో లేదో విడిగా చెప్పమనండి. మూత్రపిండాల సంగతికి మాత్రం ఏ జాతీయమూ లేదు. అవి దెబ్బతింటే బీపీ ఉన్నట్టుండి పెరిగిపోతుంది. అది మిషను చెప్పాల్సిందే. అందుకే దాన్ని తరచూ చూడమంటారు, పెరిగితే వెంటనే ఆసుపత్రికి రమ్మంటారు.

స్పెల్లింగు: స్క్లెరోడెర్మా, స్క్లీరోడెర్మా, స్కెలరోడెర్మా మూడూ కనిపిస్తున్నాయి. వీటిలో మొదటిది నాకు నచ్చుతుంది. ఇంగ్లీషు ఉచ్చారణ పట్టుకుంటే రెండోదీ తప్పు కాదు. మూడోది సంయుక్తాక్షరం పలకలేక మధ్యలో అచ్చు చేర్చుకున్న రూపం. మాటలో పరవాలేదు, రాతలో వద్దు.