ఒకే కడుపున పుట్టినా ఇద్దరూ వేరే ఎందుకు?

ఈసారి వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజులూ చూస్తే చాలామంది తిప్పి తిప్పి ఒకటే అడిగారు, మనిషికీ మనిషికీ తేడా అసలు యాడ మొదలవుతాది అని. అందుకే ఈ వారం పేజీ అంతా వాటికే ఇచ్చేస్తున్నా. బీపీ, షుగర్ ప్రశ్నలు పంపినోళ్ళు కోప్పడొద్దు, వచ్చే వారం మీదే.

ప్రశ్న: సార్, మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె, మామిడి తోట ఉంది. నాకు కవల పిలకాయలు, ఇద్దరూ మగపిల్లోళ్ళే, అచ్చు గుద్దినట్టుంటారు, ఒకే అండంలోంచి వచ్చినోళ్ళని డాక్టరమ్మ కూడా చెప్పింది. ఇప్పుడు తొమ్మిదో క్లాసు. పెద్దోడు పుస్తకం పట్టుకుంటే అన్నం కూడా గుర్తుండదు, ఎవరితోనూ కలవడు. చిన్నోడు ఇంట్లో ఉండేదే తక్కువ, ఊరంతా వాడి ఫ్రెండ్సే, మార్కులు మాత్రం అంతంత. ఒకే పాలు, ఒకే అన్నం, ఒకే బడి, జాతకం కూడా ఒకటే. మా అత్త రోజూ నీ పెంపకంలోనే ఏదో లోపముందంటాది. నిజంగా నేనేమన్నా తప్పు చేశానా?
– ఓ అమ్మ, బంగారుపాళ్యం మండలం

జవాబు: అమ్మా, పెంపకం లోపం ఏమీ లేదు, ఆ మాట అత్తమ్మకి నా పేరు చెప్పి మరీ చెప్పండి. ఇద్దరూ ఒకేలా తయారై ఉంటే అప్పుడు ఆశ్చర్యపోవాల.

మీకు తోట ఉందన్నారు కాబట్టి అక్కడి నుంచే వస్తా. మీ తోతాపురి చెట్లన్నీ అంటు మొక్కలే కదా, అంటే ఎప్పటిదో ఒక చెట్టు కొమ్మని కోసి అంటు కట్టి, దాన్నించి మళ్ళీ కోసి కట్టి, అట్లా వస్తానే ఉన్నాయి, జన్యువుల లెక్కన చూస్తే జిల్లాలో తోతాపురి అంతా కలిపి ఒకటే చెట్టు అనుకోవచ్చు. అయినా గట్టు మీదుండే చెట్టూ బోరు పక్కనుండే చెట్టూ ఒకేలా కాస్తాయా? ఒకటి ఈ ఏడు విరగ్గాసి మళ్ళీ ఏడు పడుకుంటాది, పక్కది ఏటా ఎంతో కొంత ఇస్తానే ఉంటాది, ఇది నాకంటే మీ ఇంటాయనకే బాగా తెలిసుంటాది. అదే టెంకె నాటితే కథ వేరు, వచ్చేది నాటు మొక్క, తల్లి చెట్టు కాయ వస్తాదన్న గ్యారంటీ లేదు.

మనుషులం మామూలుగా టెంకె లెక్కే. అమ్మ దగ్గర 23 జతల క్రోమోజోములు (జన్యువులుండే పోగులు), నాన్న దగ్గర 23 జతలు, ప్రతి జతలోంచీ ఒక్కోటే బిడ్డకి పోతాది, ఏది పోతాదో ముందే ఎవరూ చెప్పలేరు. ఒక్కళ్ళ వైపు నుంచే 83,88,608 రకాలుగా కుదరొచ్చు, ఇద్దరివీ కలిపితే 70 లక్షల కోట్లు దాటిపోతాది, అదీ క్రోమోజోములు మధ్యలో ముక్కలు మార్చుకోవడం లెక్కలోకి తీసుకోకుండానే. భూమ్మీద జనం మొత్తం 800 కోట్ల పైచిలుకు, కాబట్టి ఒకే తల్లిదండ్రులకి మామూలుగా పుట్టిన ఇద్దరు పిల్లలు జన్యువుల్లో సరిగ్గా ఒకేలా పడటం జరగని పని. మీవాళ్ళకి మాత్రం ఒకే అండం రెండుగా విడిపోయింది కాబట్టి ఇద్దరికీ అదే కలయిక. వాళ్ళు మీ తోటలో అంటు మొక్కలు.

అయితే తేడా కడుపులోనే మొదలైపోతాది. ఇట్లాంటి కవలల్లో ఎక్కువమందికి మాయ (కడుపులో బిడ్డకి తిండి అందించేది) ఒకటే ఉంటాది, దాంట్లో ఇద్దరికీ సమంగా వాటా రాదు, బొడ్డుతాడు అతుక్కున్న చోటు వేరు, పడుకున్న తీరు వేరు. పుట్టినప్పుడు ఇద్దరి బరువులూ ఆస్పత్రి కాగితాల్లో ఉంటాయి, తీసి చూడండి. జన్యువులు కూడా అక్షరం పొల్లుపోకుండా ఒకటేం కాదు, 2021లో ఐస్‌లాండ్ సైంటిస్టులు కవలల డీఎన్ఏ మొత్తం చదివి చూస్తే, ఇద్దరి మధ్య సగటున అయిదు దాకా చిన్న మార్పులు పిండం దశలోనే వచ్చేసినట్టు తేలింది. మూడు వందల కోట్ల అక్షరాల్లో అయిదంటే ఏం లెక్క అంటారేమో, లెక్క తక్కువే, కానీ సున్నా కాదు.

కళ్ళారా చూడాలంటే ఒక పని చెయ్యండి. ఇద్దరి కుడి బొటనవేళ్ళూ స్టాంపు ప్యాడ్ మీద అద్దించి తెల్ల కాగితం మీద పక్కపక్కనే వేయించండి. మొత్తంగా చూస్తే సుడి ఇద్దరిదీ ఒకేలా ఉండొచ్చు, అది జన్యువుల పని. భూతద్దం పెట్టి ఒక్కో గీతా పట్టుకుని పొండి, ఏ గీత యాడ ఆగిపోయింది, యాడ రెండుగా చీలింది అనేది ఇద్దరికీ కలవదు. ఈ గీతలు కడుపులో మూడో నెలలో మొదలై ఆరో నెలకల్లా ఖాయమైపోతాయి, ఆ టైములో వేలి కొస ఎంత ఉబ్బింది, ఎంత తొందరగా పెరిగింది, దేనికి ఒరుసుకుంది అనే చిన్న చిన్న సంగతులన్నీ అందులో పడిపోతాయి. అంటే బయటికి రాకముందే మీ పెద్దోడూ చిన్నోడూ వేరే మనుషులైపోయారు.

ఇక గుణాల సంగతి. 2013లో జర్మనీ సైంటిస్టులు ఒక పని చేశారు, నాకు చాలా ఇష్టమైన ప్రయోగం ఇది. జన్యువుల్లో ఒకేలా ఉండే 40 ఎలకల్ని అంతస్తులూ గొట్టాలూ బొమ్మలూ ఉన్న ఒకే పెద్ద బోనులో మూడు నెలలు వదిలేసి, ఒక్కోదానికి చిప్ పెట్టి ఏది యాడ తిరుగుతోందో చూస్తా పోయారు. మొదట్లో తేడా కొంచెమే. రోజులు గడిచేకొద్దీ కొన్ని బోనంతా తిరగను మొదలుపెట్టాయి, కొన్ని ఒక మూలకే అలవాటు పడిపోయాయి. ఎక్కువ తిరిగినవాటి మెదడులో, జ్ఞాపకాలకి సంబంధించిన హిప్పోక్యాంపస్ అనే చోట, కొత్త నరాల కణాలు ఎక్కువ పుట్టాయి. జన్యువులు అవే, బోను అదే, తిండి అదే, అయినా ఎవరి దారి వాళ్ళది అయిపోయింది. మీరు ఒకే పాలు, ఒకే బడి అన్నారు చూడండి, అవి మీ వైపు నుంచి ఒకటే. వాడి వైపు నుంచి చూస్తే ఒకడు కిటికీ పక్క బెంచీ, ఒకడు గోడ పక్క బెంచీ, ఒకడికి ఒకటో క్లాసులో టీచరమ్మ శెభాష్ అనింది, ఇంకోడికి ఆ రోజు జొరం.

జన్యువుల వాటా ఎంత, మిగతాది ఎంత అని కవలల మీద ఏళ్ళ తరబడి చేసిన పరిశోధనలన్నీ కలిపి 2015లో లెక్క కట్టారు, కోటి నలభై లక్షలకి పైగా కవల జంటల సమాచారం అది, సగటు తీస్తే సుమారుగా సగం సగం వచ్చింది. అంటే మీ పెద్దోడిలో సగం జన్యువులు సగం ఇల్లు అని కాదు, జనం మధ్య ఉండే తేడాల్లో ఎంత వాటా అనేదే ఆ లెక్క, దీన్ని టీవీలో రోజూ తప్పుగానే చెప్తారు.

ఇంకొక్కటి, ఇది మాత్రం మీ చేతిలోది. ఇంట్లో ఒకడికి చదువు సీటు దొరికితే రెండోవాడు అది ఖాళీగా లేదని వేరే సీటు వెతుక్కుంటాడు, అన్నదమ్ముల్లో ఇది మామూలే. దానికి తోడు చుట్టాలు వచ్చినప్పుడల్లా వీడు చదువుతాడు, వాడు తిరుగుతాడు అని వాళ్ళ ముందే పరిచయం చేస్తే వాళ్ళు అక్కడే ఫిక్సయిపోతారు. ఆ మాట మానిపించండి, ముఖ్యంగా అత్తమ్మతో. ఒకే రంగు చొక్కాలు కూడా ఇంక చాలు, తొమ్మిదో క్లాసు పిలకాయలకి అది సిగ్గుగా ఉంటాది. చిన్నోడి మార్కుల సంగతి విడిగా చూడండి, ఏ సబ్జెక్టులో యాడ తట్టుకుంటున్నాడో వాడినే అడగండి, అన్న మార్కులతో పోల్చి మాత్రం అడగొద్దు. జాతకం సంగతి అడగలేదు కాబట్టి చెప్పను. నిమిషాల తేడాతో అంశలు మారిపోతాయి అంటారు జ్యోతిష్యులు, వాళ్ళకీ కవలలు పెద్ద తలనొప్పే.

ప్రశ్న: అన్నా, పోయిన నెల కొండకి పోయి మా ఆయన గుండు చేయించుకున్నాడు. కళ్యాణకట్ట నుంచి గంధం పూసుకుని బయటికి రాగానే మా ఏడాదిన్నర పాప చూసి గుక్కపట్టి ఏడ్చింది, ఎత్తుకోబోతే నా మెడ పట్టేసింది. ఆయన పేరు పెట్టి పిలిచేసరికి ఏడుపు ఆపేసి ఆయన మీదికి దూకింది. గొంతు గుర్తుపట్టి ముఖం గుర్తుపట్టకపోవడం ఏంది?
– చిత్తూరు నుంచి ఓ చెల్లెమ్మ

జవాబు: చెల్లెమ్మా, పాపది కరెక్టే. చిన్నపిల్లలు ముఖం గుర్తుపట్టేటప్పుడు కళ్ళూ ముక్కూ కంటే జుట్టు అంచు, తల ఆకారం మీద ఎక్కువ ఆధారపడతారు. 1995లో ఫ్రాన్సులో నాలుగు రోజుల పసిపిల్లల మీద చూశారు, అమ్మ ముఖాన్ని ఇష్టంగా చూసే పిల్లలే, అమ్మ తలకి గుడ్డ కట్టి జుట్టు కప్పేస్తే ఆమెకీ పరాయి ఆడమనిషికీ తేడా పట్టుకోలేకపోయారు. పెద్దోళ్ళం కూడా తెలియని ముఖమైతే జుట్టే చూస్తాం, బాగా తెలిసిన ముఖమైతేనే కళ్ళ దగ్గర వెతుకుతాం. గొంతు మాత్రం పుట్టకముందు నుంచీ పరిచయం, కడుపులో ఉండంగానే అమ్మ గొంతు వింటారు, నాన్నది పుట్టినాక రోజూ చెవిలో పడేదే. అందుకే కొండమీద అంత జనంలో, అన్ని గుండ్ల మధ్య, తప్పిపోతే పేరు పెట్టి గట్టిగా పిలవడమే మంచి పద్ధతి, ఎర్ర చొక్కా ఎర్ర చొక్కా అని వెతికితే పది మంది దొరుకుతారు.

ప్రశ్న: మా అవ్వకి రేషన్ షాపులో వేలిముద్ర పడట్లేదు. నాలుగు వేళ్ళు మార్చి పెట్టించారు, మిషన్ ఒప్పుకోలేదు, మళ్ళీ రా అని పంపేశారు. ఇంటికొచ్చి 'నేను నేను కాదంటరా ఆ మిషనుకి' అని ఏడ్చింది. జీవితమంతా చింతపండు కొట్టి, ఇటుకలు మోసి అవ్వ చేతులు అట్లా అయినాయి. ఏం చెయ్యాల?
– పుత్తూరు నుంచి ఓ మనవడు

జవాబు: ముందు అవ్వని ఓదార్చు నాయనా. గీతలు పోలేదు, పైపైన అరిగినాయంతే. గీతల అసలు మూస చర్మం లోపలి పొరలో ఉంటాది, కొన్నాళ్ళు చేతికి ఒరిపిడి లేకుండా చూస్తే పై పొర మళ్ళీ అదే నమూనాతో వస్తాది. కాకపోతే ముసలితనంలో చర్మం పల్చబడి ఎండిపోయి గీతలు లేవవు, మిషన్ పట్టుకోలేదు. చెయ్యి కడిగించి తుడిచి, కొబ్బరినూనె చుక్క రాసి, మళ్ళీ తుడిచి పెట్టిస్తే కొన్నిసార్లు పడుతుంది. ఆధార్ సెంటర్‌లో బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించు, అప్పుడే ఏ వేలు బాగా పడుతోందో కనుక్కో. ఆధార్‌లో పది వేళ్ళతో పాటు రెండు కళ్ళ ఐరిస్ కూడా ఉంటాది కదా, కంటి పాప చుట్టూ ఉండే ఆ నమూనాకి చాకిరీతో పనిలేదు, అది అరగదు. డీలర్‌ని ఐరిస్ మిషన్ ఉందా అని అడుగు, లేదంటే మండల ఆఫీసులో రాసివ్వు.

అవ్వకి చెప్పడానికి ఒక ముచ్చట. మనిషిని వేలి గీతలతో పట్టుకోవచ్చని సర్కారు బాగా ముందే నమ్మిన దేశాల్లో మనదీ ఒకటి. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే దొర ఒక కాంట్రాక్టు మీద రాజ్యధర్ కొనాయ్ అనే ఆయన అరచేతి ముద్ర వేయించుకున్నాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు, ముద్రల్ని వరసలుగా విడదీసే లెక్క కట్టింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే మనోళ్ళు, పేరు మాత్రం పై అధికారి హెన్రీకి పోయింది. పని చేసింది ఒకరు, పేరు ఇంకొకరిది, అవ్వకి ఇది బాగా అర్థమవుతాది.

ప్రశ్న: సర్, అందరిలో ఉండే ఆత్మ ఒకటే అంటారు, మళ్ళీ ఎవరి కర్మ వాళ్ళది అంటారు. ఆత్మ ఒకటే అయితే 'నేను' అనేవాడిని ప్రత్యేకంగా ఎందుకుండాల?
– డిగ్రీ విద్యార్థి, తిరుపతి

జవాబు: రెండు మాటలూ ఒకే నోటి నుంచి వచ్చినవి కావు తమ్ముడూ, నువ్వు రెండు బడుల్ని కలిపేస్తున్నావ్. ఆత్మ ఒకటే, తేడాలన్నీ శరీరం, మనసు లాంటి ఉపాధుల (ఆత్మకి తొడుగుల్లాంటివి) వల్ల కనబడేవే అనేది శంకరుల అద్వైతం. నువ్వుండే ఊళ్ళో గోవిందరాజస్వామి గుడి రామానుజులు పెట్టించిందే అంటారు కదా, ఆయన ఒప్పుకోలేదు. జీవులు అనేకం, ఎవరికి వాళ్ళు నిజంగానే వేరు, అందరూ దేవుడికి శరీరం లాంటోళ్ళు, మోక్షం వచ్చినాక కూడా కరిగిపోయి కలిసిపోవడం ఉండదు, ఆనందం సమానమే గానీ నువ్వు నువ్వే అన్నాడు. ఇంకా పాతకాలం పోతే కణాదుడి వైశేషిక దర్శనం ఉంది, ఒకే జాతి అణువులు రెండుంటే వాటిని రెండుగా నిలబెట్టేది ఏంది అని అడిగి, దానికోసం 'విశేషం' అనే ఒక పదార్థాన్నే (వాళ్ళ భాషలో పదార్థం అంటే ఒక వర్గం) లెక్కలో చేర్చారు. నేను జువాలజీ చెప్పినోడిని, నా ఓటు రామానుజుల వైపే పోతాది, ఆ ఎలకల్ని చూసినాక మరీను. గురువుల దగ్గర చదువుకోవాలని ఉంటే తిరుపతిలో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయమే (పాత విద్యాపీఠం) ఉంది, నన్నెందుకు అడుగుతావ్.

ప్రశ్న: నా పేరు వెంకటేశులు సార్. మా వీధిలోనే ముగ్గురం, ఆఫీసులో నలుగురం. ఈ మధ్య లోనుకి పోతే నా పేరే, నా ఇంటిపేరే ఉన్న ఇంకో ఆయన కట్టని అప్పు నా రిపోర్టులో ఎక్కి ఉంది, లోను రాదన్నారు. ఈ జిల్లాలో ఈ పేరుతో పుట్టడమే తప్పా?
– శ్రీకాళహస్తి

జవాబు: పేరు మార్చుకోవద్దు సామీ, స్వామి ఏమన్నా అనుకుంటాడు. వీధిలో అయితే మన జనమే చూసుకుంటారు, కరెంటు వెంకటేశు, పాల వెంకటేశు, మెడికల్ షాపు వెంకటేశు అని ఎవరికి వాళ్ళని విడదీసేస్తారు. కాగితాల్లో ఆ సౌకర్యం లేదు. క్రెడిట్ రిపోర్టు తయారుచేసే ప్రతి కంపెనీ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు రూలు, దాన్ని తెప్పించి, మీది కాని అప్పు పక్కన పాన్ నంబరు, పుట్టిన తేదీ, అడ్రసు ఏం రాసుందో చూడండి, ఏదో ఒకటి కచ్చితంగా కలవదు. అది రాసి అభ్యంతరం పెట్టండి. ముప్పై రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకి వంద రూపాయలు మీకు ఇవ్వాల్సి ఉంటాది, ఈ రూలు 2024 నుంచి అమల్లో ఉంది. అభ్యంతరం పెట్టిన తేదీ, కంప్లయింటు నంబరు రాసి పెట్టుకోండి, ఆ రెండో వెంకటేశు కూడా ఇదే పేపరు చదువుతుంటే అప్పు కట్టేయమనండి.