తిరిగే భాగాల అసమతుల్యతను తయారీలో ఎలా సరిచేస్తారు?

కొలతల ప్రకారమే చేసిన భాగానికి మళ్లీ బ్యాలెన్సింగ్ (బరువును అక్షం చుట్టూ సమం చేయడం) ఎందుకని చాలామంది అడుగుతారు. కొలతలు సరిపోయినంత మాత్రాన బరువు అక్షం చుట్టూ సమంగా పరుచుకున్నట్టు కాదు. లోహాన్ని కరిగించి పోతపోసినప్పుడు లోపల మిగిలిన గాలిబుడగ, కాస్త పక్కకు జరిగిన రంధ్రం చాలు. అక్షానికి 100 మిల్లీమీటర్ల దూరంలో 10 గ్రాములు ఎక్కువుంటే, నిమిషానికి 3000 చుట్ల వేగంలో అది సుమారు 10 కిలోల బరువంత బలంతో బేరింగులను లాగుతుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు.

బ్యాలెన్సింగ్ యంత్రంపై భాగాన్ని తిప్పితే, ఎంత బరువు ఏ కోణంలో ఎక్కువుందో సెన్సార్లు చెబుతాయి. ఇంజిన్‌లో పిస్టన్ల కదలికను తిరిగే కదలికగా మార్చే క్రాంక్‌షాఫ్ట్‌కైతే ప్రతిభారాల్లో (సమతూకం కోసం దానికుండే బరువు దిమ్మల్లో) డ్రిల్లుతో గుంటలు తీసి లోహం తగ్గిస్తారు. వాహనంలో గేర్‌బాక్స్ నుంచి చక్రాల వైపు శక్తిని చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్ట్ గొట్టం పల్చన, అక్కడ తొలిచే వీలు లేదు కాబట్టి చిన్న ఇనుప ముక్క వెల్డింగ్ చేస్తారు.

అసలు చిక్కు పొడవైన రోటర్లతోనే (తిరిగే భాగాలతోనే). రెండు చివర్ల సమానమైన అదనపు బరువులు ఎదురెదురు దిక్కుల్లో ఉంటే, కత్తి అంచు పట్టాలపై పెట్టినప్పుడు అది ఎటూ దొర్లదు. అంతా బాగుందనిపిస్తుంది. తిరగడం మొదలయ్యాక ఊగిపోతుంది! అందుకే రెండు తలాల్లో, అంటే అక్షం పొడవునా రెండు వేర్వేరు చోట్ల, దిద్దాలి. పల్చని చక్రానికి సాధారణంగా ఒక తలం చాలు.

అసమతుల్యతను సున్నాకు తేవాలని ఎవరూ పట్టుబట్టరు. ఐఎస్ఓ అంతర్జాతీయ ప్రమాణాల్లో ఎంత అసమతుల్యత మిగలొచ్చో 'జి' స్థాయిలు చెబుతాయి; అంకె తగ్గేకొద్దీ నియమం కఠినం. వాటిలో ఫ్యాన్లకు జి 6.3, ఆవిరి టర్బైన్లకు జి 2.5 సరిపోతుంది.