ఇంటి సందేహాలు: పైపులో నీళ్లు గడ్డకడితే ఏం చేయాలి?

ప్రశ్న: ఈ డిసెంబరులో మేమిద్దరమూ అమెరికాలోని మిన్నియాపొలిస్‌లో ఉంటున్న మా అబ్బాయి ఇంటికి వెళుతున్నాము. కొడుకు, కోడలు ఉద్యోగాలకు వెళితే పగలంతా ఇంట్లో మేమే ఉంటాము. కిందటి చలికాలంలో వారి వంటింటి పైపులో నీళ్లు గడ్డకట్టి, పైపు పగిలి నేలంతా తడిసిపోయిందట. మేము ఉన్నప్పుడు అలా జరిగితే ఏం చేయాలి? వేడినీళ్లు పోయవచ్చునా?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: ముందుగా మీరు అడగని సంగతి ఒకటి చెప్పాలి. అక్కడికి చేరగానే, ఇంట్లోకి నీళ్లు వచ్చే మెయిన్ వాల్వు ఎక్కడుందో మీ అబ్బాయిని అడిగి చూసుకోండి. ఆ ఊరి ఇళ్లలో అది ఎక్కువగా నేలమాళిగలో ఉంటుంది. దాన్ని మీ చేతులతోనే ఒకసారి మూసి తెరవండి. పైపు పగిలితే ఇల్లు మునగకుండా ఆపేది అదొక్కటే.

బొబ్బిలిలో ఎంత చలి పెట్టినా కొళాయి నీళ్లు చల్లబడతాయి తప్ప ఆగిపోవు. అక్కడ జనవరిలో సున్నాకు 20 డిగ్రీల కిందికి పోయే రాత్రులుంటాయి. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. అయితే పైపు చాలాసార్లు గడ్డ ఉన్నచోటే పగలదు; గడ్డకూ మూసిన కొళాయికీ నడుమ చిక్కుకున్న నీళ్లకు పోయే దారి లేక, ఒత్తిడి పెరిగి, బలహీనంగా ఉన్నచోట చీలిక వస్తుంది. గడ్డ బిరడాలా అడ్డుపడి ఉంటుంది కనుక, చాలావరకు అది కరిగిన తరువాతే నీళ్లు బయటపడతాయి.

అందువల్ల నీళ్లు రాకపోయినా, సన్నగా వచ్చినా కొళాయిని తెరిచే ఉంచండి. సింకు కింది అలమర తలుపులు తీసి, బయటి గోడ వెంట వెళ్లే పైపును చూడండి. గడ్డకట్టిన చోట తెల్లని మంచు నూగులా పేరుకుని ఉంటుంది, ఒక్కోసారి పైపు కాస్త ఉబ్బి కనబడుతుంది. చీలిక ఉంటే వెంటనే మెయిన్ వాల్వు కట్టేయండి. లేకపోతే వేడినీళ్లలో ముంచి పిండిన తువ్వాలు చుట్టి, చల్లారినప్పుడల్లా మారుస్తూ, కొళాయి వైపు నుంచి మొదలుపెట్టి గడ్డ ఉన్నచోటికి జరుపుకుంటూ వెళ్లండి. హెయిర్ డ్రయ్యరు కూడా బాగా పనిచేస్తుంది. నేల తడిగా ఉంటే మాత్రం దాని జోలికి పోవద్దు. మరిగే నీళ్లు నేరుగా పోస్తే ప్లాస్టిక్ పైపులు, అతుకులు దెబ్బతినవచ్చు. చలికి కుంపటి పెట్టుకోవడం మన పెద్దల అలవాటు కనుక గట్టిగా చెబుతున్నాను: మూసి ఉన్న ఇంట్లో బొగ్గులు రాజేస్తే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. పైపుకు మంట చూపడమూ ప్రమాదమే.

నీళ్లూ కరెంటూ వృథా చేయకూడదన్న పట్టింపుతో పెరిగినవాళ్లం మనం. కానీ అక్కడ, చలి ముదిరిన రాత్రి బయటి గోడవైపు కొళాయిని సన్నగా కారనివ్వాలి; ఇంట్లో ఇద్దరమే కదా అని హీటరు ఆపకూడదు. నాలుగు రోజులు ఊరు వెళ్లినా, ఇంట్లో వేడి ఎంత ఉండాలో నిర్ణయించే థర్మోస్టాటు 55కు తగ్గకూడదు. అది ఫారెన్‌హీట్ లెక్క, మనకు సుమారు 13 డిగ్రీలు.

ఏ కొళాయిలోనూ నీళ్లు రాకపోతే, లేదా గడ్డ గోడ లోపల ఉందనిపిస్తే, మీరు ప్రయత్నించక మీ అబ్బాయికి ఫోన్ చేసి ప్లంబరును పిలిపించండి.