శిక్షణ పొందినా పిల్లల ముందు ఉపన్యాసమేనా?

శిక్షణ తర్వాత కూడా మీ వాలంటీర్లు ఆదివారం పిల్లల ముందు ఉపన్యాసాలే ఇస్తున్నారని, ఏం చేయాలని అడిగారు. లోపం వారిలో లేదు, శిక్షణ తీరులో ఉంది. అమలాపురం శిక్షణలో వారిని రెండు రోజులూ కూర్చోబెట్టి చెప్పారన్నారు. ఆదివారం వారు పిల్లలను కూర్చోబెట్టి చెబుతున్నారు. చూసినదే చేస్తున్నారు.

1. ఈసారి శిక్షణలో రెండో రోజు మాటలు తగ్గించి, ఒక్కొక్క వాలంటీరుకు పది నిమిషాల పని ఇవ్వండి: ఒక ఆట, తాడు ముడి, కాలువ లాకుల (నీటిమట్టం మార్చే తలుపుల) దగ్గర పడవ ఎలా దాటుతుందో మట్టితో చేసి చూపించడం. ఎదురుగా నిజమైన పిల్లలే ఉండాలి. పెద్దలు పిల్లల్లా నటిస్తే ఎవరికీ విసుగు రాదు, నేర్చుకోవలసింది ఆ విసుగును గుర్తించడమే.

2. ఎక్కువమంది వదిలేసేది ఇదే. పిల్లలు పక్కకు వెళ్లగానే ముందు ఆ వాలంటీరునే అడగండి: "వాళ్ల చూపు ఎప్పుడు పక్కకు పోయింది?" జవాబు వచ్చేదాకా ఆగండి. ఆ తర్వాత ఒకే ఒక్క మార్పు చెప్పండి, పది చెప్పకండి. అదే పనిని అదే రోజు మరో పిల్లల జట్టుతో మళ్లీ చేయించండి. రెండోసారి చేయించకపోతే మీ సలహా కాగితం మీదే మిగులుతుంది. సమయం చాలకపోతే మొదటి రోజు ప్రసంగాలు తీసేయండి.

3. స్కౌటుల్లో లాగా ఆరు నుంచి ఎనిమిది మందితో జట్లు చేసి, పిల్లల్లోనే ఒకరిని నాయకుడిగా పెట్టండి. పెద్దలు పక్కన ఉంటే చాలు.

4. కాలువ గట్టుకు వెళ్తే కనీసం ఇద్దరు పెద్దలు, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ తలల లెక్క. ఏ పెద్దా ఒక్క బాబుతో గానీ పాపతో గానీ ఒంటరిగా ఉండకూడదు. పిల్లల సహాయ నంబరు 1098 అందరి ఫోనులోనూ ఉండాలి.